భోగి మంటకీ కాటాకీ మధ్యలో: గోదావరి ఇళ్ళల్లో పాత సామాను

భోగికి వారం ముందు కోనసీమలో ఏ ఊరెళ్ళినా అటకలు దిగుతూ ఉంటాయి. కాలు ఊగే బల్ల, అల్లిక తెగిన కుర్చీ, పాతింటి తలుపు రెక్క, పుచ్చు పట్టిందని పక్కన పడేసిన దూలం ముక్క, అన్నీ వీధి చివరికి చేరతాయి, పిల్లలు మంట కోసం కాచుకుని ఉంటారు, కొన్ని ఊళ్ళలో అయితే అరుగు మీద మర్చిపోయిన మంచం కూడా రాత్రికి రాత్రి మంటకి వెళ్ళిపోతుంది. అదే వారంలో పొద్దున్నే ఆటో మైకు కూడా తిరుగుతుంది, పాతినుప సామాన్లు కొంటాం, ఇత్తడి కొంటాం, రాగి కొంటాం అని. అంటే కర్ర మంటకి, లోహం కాటాకి, ఏదీ తేల్చుకోలేనిది మళ్ళీ అటక మీదకి.

ఈ మూడూ కాకుండా ఇంకో దారి ఉంది, ఆ వస్తువుని మళ్ళీ పనిలో పెట్టడం. ఇప్పుడు ఫోన్లలో కనపడే వీడియోల వల్ల పాత సామాను అంటే రంగులేసి హాల్లో మూల నిలబెట్టే షోపీస్ అనే అర్థం వచ్చేసింది గానీ, డెల్టా ఇళ్ళల్లో దొరికే సామాను చాలావరకు అలా చూస్తూ కూర్చోడానికి చేసింది కాదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనో, దానికి దగ్గరగా ఉన్న పనో ఇస్తేనే అది ఇంకో తరం ఇంట్లో ఉంటుంది, లేకపోతే మళ్ళీ పదేళ్ళకి ఇదే అటక, ఇదే మైకు.

అసలు ఇంత సామాను ఇక్కడే ఎందుకు పోగయింది అంటే ముందు నీళ్ళ గురించి చెప్పుకోవాలి. 1847లో మొదలెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, కాలవల కింద మాగాణి పెరిగింది, వరి డబ్బు చేతికొచ్చింది, ఆ డబ్బు మండువా లోగిళ్ళుగా, ఉయ్యాల బల్లలుగా, పందిరి మంచాలుగా, గంగాళాలుగా మారింది. కలప కూడా నీళ్ళ మీదే వచ్చేది. పైన ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకుని తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి అడితిలకి చేరేది. ఇంకోవైపు కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి రాకపోకలు ఎంతగా ఉండేవంటే బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు పడిపోయింది, ఇప్పటికీ ఈ వైపు బాగున్న కర్ర ఏది కనపడినా బర్మా టేకండీ అని గర్వంగా చెప్తారు. చెప్పిన ప్రతిదీ బర్మాది కాకపోవచ్చు, కర్ర మాత్రం గట్టిదే.

ఇప్పుడు ఆ ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. పంపకాలయ్యాయి, పిల్లలు హైదరాబాదో అమెరికానో వెళ్ళిపోయారు, రొయ్యల చెరువుల మీద డబ్బొచ్చిన చోట పాతిల్లు తీసేసి డాబా కట్టారు, పెంకు సర్దే మనిషి దొరక్క వర్షానికి మండువా కారిపోతుంటే ఎవరు మాత్రం ఎంతకాలం చూస్తారు. ఇల్లు విప్పేవాళ్ళు గుత్తగా ఒక రేటు చెప్తారు, స్తంభాలు, దూలాలు, గుమ్మాలు, బంగాళాపెంకులు అన్నీ కలిపి. లోపల సామాను కూడా చాలాసార్లు అందులోనే కలిసి వెళ్ళిపోతుంది. అమ్మినవాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు, రెండు బెడ్రూంల ఫ్లాట్‌లో పందిరి మంచం పట్టదు, లిఫ్ట్‌లో కూడా ఎక్కదు. కానీ అమ్మే పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది, అది తూకం.

ఒక ఇత్తడి బిందె తీసుకోండి. మెడ కింద వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే చిన్న చిన్న చుక్కలతో అక్షరాలు కనపడతాయి, సన్నటి ఉలి పెట్టి ఒక్కో చుక్కకి ఒక్కో దెబ్బ. ఇంటిపేరులో మొదటి అక్షరం, తర్వాత పేరు, కొన్నిటికి ఊరు, కొన్నిటికి పెళ్ళి తేదీ, ఎవరు చదివించారో కూడా. పేరు మీద మమకారంతో పాటు అవసరం కూడా ఉండేది, ఊళ్ళో పెళ్ళంటే పది ఇళ్ళ గిన్నెలూ గుండిగలూ ఒక పందిట్లో కలిసిపోయేవి, మర్నాడు తోమాక ఎవరిది వాళ్ళకి చేరాలంటే పేరే దారి. అడుగున ఒక మాటు కూడా ఉంటుంది చూడండి, చిల్లు పడితే పారేయకుండా మాటు వేయించుకున్నారన్నమాట. ఇప్పుడు ఇదే బిందె కాటా మీద పెడితే ఎన్ని కేజీలు అని ఒక్క అంకె వస్తుంది. చుక్కలకి ధర లేదు, మాటుకి ధర లేదు, సాగగొట్టి బిందె చేసిన చేతికి ధర లేదు, రాగీ జింకూ కలిసిన ఒక ముద్దకి ఎంతో అంతే.

పట్టుచీరల సంగతీ ఇంతే. పాత పట్టుచీరలు కొంటామని ఇంటికొచ్చే వాళ్ళు చీర కోసం రారు, జరీలో ఉన్న వెండి కోసం వస్తారు, చీరని కాల్చి వెండి తీస్తారు. అమ్మమ్మ పెళ్ళి చీర బూడిదవ్వాలా వద్దా అనేది మాత్రం అమ్మే ముందే ఆలోచించుకోవాలి. జరీ అంచు బాగుండి మధ్యలో పట్టు చిరిగిన చీరైతే అంచు విప్పి కొత్త నేత మీద కుట్టించొచ్చు, పిల్లకి పరికిణీ అంచుగా అది ఇంకో పాతికేళ్ళు బతుకుతుంది.

కర్ర సామాను దగ్గరకొస్తే, పుచ్చిపోయింది అనే మాట తొందరపడి అనేస్తారు. చెట్టు మధ్య భాగం చేవ, చుట్టూ ఉండేది లేత తెల్లకర్ర. టేకు చేవలో సహజంగా ఉండే నూనెల్లాంటి పదార్థాల వల్ల చెదలు అంత తేలిగ్గా ముట్టుకోవు, తెల్లకర్రకి ఆ రక్షణ లేదు. అందుకే పాత బల్లల్లో అంచున ఒక వేలెడు వెడల్పు మేర పొడిపొడిగా రాలిపోయి లోపల ఇనుములా ఉంటుంది. గోరు పెట్టి గుచ్చండి, వేలితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే ఒక సంగతి, గట్టిగా పలికితే ఇంకో సంగతి. చిన్న చిన్న బెజ్జాలు ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, కింద ఒక తెల్ల కాగితం పరిచి పది రోజులు వదిలేస్తే తేలిపోతుంది, కాగితం మీద కొత్తగా పిండి రాలితేనే పురుగు ఇంకా లోపల ఉన్నట్టు. అప్పుడు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పాలిష్ తీసేసిన కర్రకి పట్టించాలి, పాలిష్ మీద రాస్తే లోపలికి దిగదు. పాత పనితనం ఎలాంటిదో వెనక వైపు చూస్తే తెలుస్తుంది, ముక్కలోకి ముక్క దూర్చి చెక్క సీలలు కొట్టి బిగించినదైతే మళ్ళీ విప్పి మళ్ళీ బిగించొచ్చు, ఫెవికాల్, మేకులు పెట్టి లాగించేసినది విప్పితే విరుగుతుంది.

డెల్టాలో ఇంకో ప్రత్యేకమైన జబ్బు ఉంది, వరద. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వెళ్ళింది, 2022 జూలైలో 71.3 అడుగులు, మధ్యలో 1996 నవంబరు 6 తుఫాను కోనసీమని ఊడ్చేసింది. ఇవి రికార్డు పుస్తకాల్లోనే కాదు, సామాను మీద కూడా ఉంటాయి. ఒక పాత భోషాణం కాలు దగ్గర వంగి చూస్తే నేల నుంచి జానెడో మూరెడో ఎత్తులో నల్లటి గీత అడ్డంగా తిరిగి ఉంటుంది, నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగాయి. ఆ గీతని గరుకు కాగితం పెట్టి గీకేసే వడ్రంగులు ఉన్నారు, అలా చేయించకపోవడమే మంచిది. కర్రకి ఆ గీత వల్ల ఏ నష్టమూ లేదు, పైగా ఆ ఇల్లు ఏం చూసిందో చెప్పేది అదొక్కటే మిగులుతుంది.

వరద నీళ్ళలో నానిన సామానుకి జనం చేసే పెద్ద తప్పు వెంటనే ఎండలో పడేయడం. పైన త్వరగా ఆరి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, దాంతో ఫట్‌మని పగులుతుంది. ముందు మంచినీళ్ళతో అతుకుల్లోని ఒండ్రు కడిగేయాలి, తర్వాత గాలి ఆడే నీడలో నేలకి తగలకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టి వారాల తరబడి వదిలేయాలి, సొరుగులు తీసి విడిగా పెట్టాలి, బిగుసుకున్న సొరుగుని మాత్రం సుత్తితో కొట్టి లాగకూడదు, ఆరాక అదే వదులవుతుంది.

రంగు విషయంలో కొంచెం భయపడటమే మంచిది. మన ఊళ్ళల్లో టేకు తలుపు మీద కూడా ఆకుపచ్చో నీలమో ఎనామిల్ కొట్టేసేవాళ్ళు, ఒకదాని మీద ఒకటి నాలుగైదు పొరలు. పాత రంగుల్లో సీసం ఎక్కువ. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదని 2016లో రూల్స్ వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి, అంటే అంతకు ముందు కొట్టిన రంగులో ఎంత సీసం ఉందో ఎవరికీ హామీ లేదు. అలాంటి రంగుని పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లోనే తిరుగుతుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ అది బాగా చెడు చేస్తుంది. నీళ్ళు చల్లి తడిగా ఉండగానే గీకడం, ముక్కుకి మంచి మాస్కు, కింద ప్లాస్టిక్ పట్టా, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకపోవడం, గీకిన చెత్తని తుడిచి మూట కట్టేయడం, ఇవి తప్పవు. భోగి మంటలో రంగేసిన తలుపులు వేయొద్దనేది కూడా ఇందుకే, చలి కాచుకుంటున్న పిల్లలు పీల్చేది ఆ పొగే.

పాలిష్‌కి ఇక్కడ కాలం చూసుకోవాలి. లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూసే పాత పాలిష్ గాలిలో చెమ్మ ఎక్కువుంటే తెల్లగా పాలిపోతుంది, అందుకే వానల్లో మొదలెట్టకుండా సంక్రాంతి వెళ్ళాక ఉగాది లోపు చేయించుకుంటే మేలు. అవిసె నూనె పట్టించేవాళ్ళు ఒక్క జాగ్రత్త మర్చిపోకూడదు, నూనె తడిసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, విప్పి ఆరుబయట ఆరేయాలి లేదా నీళ్ళల్లో ముంచేయాలి.

ఇత్తడి, కంచు, రాగి మూడింటినీ కలిపి ఇత్తడి సామాను అనేస్తుంటారు గానీ వాడకంలో తేడా ఉంది. ఇత్తడిలో రాగితో జింకు, కంచులో రాగితో తగరం. కంచు తడితే చాలాసేపు మోగుతుంది, కింద పడితే మాత్రం పగులుతుంది, కాబట్టి కంచు కంచం వాడేవాళ్ళు గ్రానైట్ గట్టు మీద జాగ్రత్తగా పెట్టాలి. ఇత్తడి గిన్నెలో, రాగి గిన్నెలో పులుపు వండితే చిలుము పట్టి లోహం కూరలోకి దిగుతుంది, అందుకే లోపల కళాయి. కళాయి అంటే గిన్నెని బాగా కాచి, నవాసారం పొడి చల్లి, తగరం ముక్క రుద్దితే అది 232 డిగ్రీల దగ్గర కరిగి పారుతుంది, దాన్ని దూదితో లోపలంతా ఒక్క ఊపులో తిప్పేస్తారు, ఎర్రగా ఉన్న గిన్నె కళ్ళ ముందే వెండిలా మారుతుంది. ఆ పని చూస్తూ వీధిలో పిల్లలు బడి మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు కళాయి వేసే మనిషిని వెతుక్కోవాలి, దొరికినప్పుడు ఊళ్ళో నాలుగిళ్ళవి కలిపి వేయించుకుంటే ఆయనకీ గిట్టుబాటు. ఒకటి మాత్రం అడిగి తీరాలి, అది శుద్ధమైన తగరమేనా అని, ఎందుకంటే చవకకి సీసం కలిపితే కళాయి వేయించుకున్న ప్రయోజనమే పోతుంది. పెద్ద రిపేరైతే పెరవలి దగ్గర అజ్జరం ఉంది, తరాలుగా ఇత్తడి పని చేసే ఊరు, మాటు వేయడం నుంచి గంగాళం సొట్ట తీయడం దాకా చెయ్యి తిరిగినవాళ్ళు అక్కడ ఉన్నారు.

తోమడం దగ్గర అతి అక్కర్లేదు. చింతపండు పులుపు పైనున్న నల్లటి పొరని కరిగిస్తుంది, అది చాలు. మిషన్ పెట్టి బఫింగ్ చేయిస్తే బంగారంలా మెరుస్తుంది నిజమే, కానీ ఆ మిషన్ ముందు అరగదీసేది పైకి ఉన్న చుక్కల అంచుల్నే, రెండుసార్లు బఫింగ్ అయితే పేరు చదవలేం.

మరి పని ఏం ఇవ్వాలి? ఇది వస్తువుని బట్టి ఉంటుంది. ఉయ్యాల బల్లకి వేరే పని ఆలోచించాల్సిన అవసరమే లేదు, అది ఊగడానికే. కొత్త ఇల్లు కట్టేటప్పుడు శ్లాబ్ పోయకముందే కొక్కేలు లోపలి ఇనుప చువ్వలకి కట్టించుకుంటే సగం సమస్య తీరుతుంది, కట్టేసిన ఇంట్లో అయితే శ్లాబ్‌కి డ్రిల్లు కొట్టి నలుగురి బరువు వేలాడదీయకూడదు, ఇంజనీర్‌ని అడిగి దూలానికి పెట్టించుకోవడమో, విడిగా ఇనుప స్టాండ్ చేయించుకోవడమో చేయాలి. సముద్రం దగ్గరున్న ఊళ్ళల్లో, అంతర్వేది వైపో ఉప్పాడ వైపో, ఉప్పుగాలికి కొక్కెం లోపల్లోపలే తుప్పు పడుతుంది, ఏడాదికోసారి నిచ్చెనేసుకుని చూడాల్సిందే.

పందిరి మంచం డెల్టాలో దర్జా కోసమే వచ్చిందనుకుంటారు గానీ ఆ నాలుగు కోళ్ళూ పైన పందిరీ దోమతెర కోసం, కాలవలూ చేలూ ఉన్న చోట దోమ లేకుండా ఎలా ఉంటుంది, ఒకప్పుడు బోదకాలు ఇక్కడ ఇంటింటికీ తెలిసిన జబ్బు. కాబట్టి ఇప్పుడు కూడా దానికి దోమతెర కట్టి పడుకోవడమే సరైన వాడకం, కాళ్ళు కోసేసి దివాన్‌గా మార్చడం కంటే. దోమ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, గంగాళంలో నీళ్ళు నింపి పూలు వేసి గుమ్మం పక్కన పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్, అందంగానే ఉంటుంది, కానీ డెంగీ దోమకి నిలవున్న మంచినీళ్ళంటేనే ఇష్టం, గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పదిరోజులు చాలు. వారానికి రెండుసార్లు నీళ్ళు పారబోసి లోపలి గోడ రుద్ది కడగాలి, లేదా తామర వేసి గప్పీ చేపలు వదలాలి.

కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద సెట్టు దొరికితే అదృష్టమే. కుంచానికి నాలుగు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు, సోలకి నాలుగు గిద్దలు. మెట్రిక్ కొలతలు వచ్చాక 1960ల నుంచి వ్యాపారానికి ఇవి చెల్లలేదు గానీ వంటింటికి ఏ చట్టమూ అడ్డం లేదు. సోలలో పెన్నులు పెట్టుకోవడం కన్నా బియ్యం డబ్బాలో పడేసి రోజూ దాంతోనే కొలిస్తే ఎంత బావుంటుంది, పిల్లలకి లెక్క కూడా చేతికి వస్తుంది. కుంచానికి అడుగున చిల్లు కొట్టి బల్బు పెట్టి లాంతరు చేస్తున్నారు కొందరు, చూడ్డానికి బాధగా ఉంటుంది. వెనక్కి తీసుకోలేని మార్పు చేసేముందు పదిసార్లు ఆలోచించాలి, కోసింది అతకదు, కొట్టిన చిల్లు పూడదు, బిగించిన స్క్రూ మాత్రం ఎప్పుడైనా విప్పొచ్చు.

ఊరగాయ జాడీని కొనే ముందు తట్టి వినాలి, ఖంగుమంటే మంచిది, పగిలిన గొంతులా పలికితే ఎక్కడో కంటికి కనపడని చీలిక ఉంది. బయటవైపు తెల్లటి ఉప్పు పొర కడితే లోపలి పూత దెబ్బతిన్నట్టే, దాంట్లో మళ్ళీ ఆవకాయ పెట్టకూడదు, గొడుగులకో మొక్కకో వాడుకోవాలి. రోలు పెరట్లో ఉంటే అలా ఉండనివ్వండి, వారానికొకసారి గోంగూర పచ్చడి నూరినా అది బతికున్నట్టే.

పాత టేబుల్ ఫ్యాన్లు, వాల్వు రేడియోలు మాత్రం దొరికిన రోజే ప్లగ్గులో పెట్టొద్దు. లోపలి వైర్ల రబ్బరు ఎండి పొడైపోయి ఉంటుంది, ఎర్తింగ్ ఉండదు, మెకానిక్‌తో వైరింగ్ మొత్తం మార్పించాకే.

చట్టం కూడా తెలిసుండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాకృతులూ పాత వస్తువులూ, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులూ పురావస్తువులే, అవి దేశం దాటించడం నేరం, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. తాతగారి తాళపత్రాలు ఏ కట్టలోనో దొరికితే కాటాకి వేయకుండా చదవగలిగిన చోటికి చేర్చాలి. ఏనుగు దంతం పొదిగిన పెట్టెలు కొనడం అమ్మడం వన్యప్రాణి చట్టం కిందకి వస్తుంది. విగ్రహాలు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అసలు ముట్టుకోకూడదు, అది ఏ గుడి నుంచి వచ్చిందో అనే అనుమానం ముందు రావాలి.

ఇన్ని చెప్పాక కూడా డబ్బు ఖర్చులేని పని ఒకటి మిగిలే ఉంది, అదే అందరూ వదిలేసేది. సామాను కొన్నా, వాటాకి వచ్చినా, అది ఎవరింటిది, ఏ ఊరిది, ఏ వరదలో తడిసింది, ఏ పెళ్ళికి వచ్చింది అనేది అడిగి ఒక కాగితం మీద రాసి సొరుగు అడుగున అంటించడం. అడగాల్సిన మనుషులకి ఎనభై దాటాయి. ఆ చుక్కల పేరుని వేలితో తడిమి, ఇది మా మేనత్తదే, కాపరానికి వెళ్ళేటప్పుడు పడవలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది అని చెప్పగలిగే ఆవిడ ఈ సంక్రాంతికి ఇంకా అరుగు మీదే కూర్చుని ఉంటుంది, బిందె ఆవిడ చేతికి ఇవ్వాలి.